మా రత్నత్త రంగు

వాణి తన ఫోను నా చేతికిచ్చి, "ఎట్లుండాది వదినా?" అని అడిగినప్పుడు, ఆ బొమ్మలో ఉన్నావిడ ఎవరో నాకు తెలియలేదు. తెల్లగా, నున్నగా, చెంపలు లోపలికి దిగి, పెదవులకు రంగేసుకున్నట్టున్న ఒక మనిషి. చుట్టూ పూలదండ, వెనక మబ్బులు, మబ్బుల మధ్య ఒక దీపం. కింద మాత్రం రత్నమ్మగారికి అశ్రునివాళి అని రాసి ఉంది. రత్నమ్మ అంటే మా రత్నత్త, మా నాయనకు చెల్లెలు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఎరిగిన మనిషి. పదిరోజుల కిందట కడపలో నిద్రలోనే పోయింది. వాణి ఆమె కూతురు, నాకు మరదలు. కర్నూలునుంచి వచ్చినదాన్ని దినాలు అయ్యేదాకా వాణి దగ్గరే ఉండిపోయాను. మర్నాడు వైకుంఠ సమారాధన. వాకిట్లో కట్టడానికి ఫ్లెక్సీ వేయించమని ఫోటో పంపితే, ఆ అంగడతను దాన్ని ఇట్లా తయారుచేసి పంపించాడు. అందరికీ ఇట్లాగే చేస్తామని, మొగం నీటుగా వస్తుందని చెప్పాడట. సాయంత్రంలోగా సరేనంటే రాత్రికి అచ్చేసి పొద్దున్నే తెచ్చి కట్టేస్తాడు.

వాణి కళ్ళనిండా నీళ్ళు. "బతికినన్నాళ్ళూ మా యమ్మ ఈ రంగు కోసమే కదా వదినా కుమిలింది. ఎవురికీ మొగం సూపిచ్చలే. ఒక్క ఫోటోకన్నా నిలబళ్ళే. పోయినాకన్నా ఆ యమ్మ ముచ్చట తీరనీ" అంది. బాగుందనలేకపోయాను, ఏడుస్తున్న బిడ్డతో బాగలేదని ఎట్లా అనేది? "సాయంత్రం చెప్తాలే, సూస్తాను" అని ఫోను ఆమె చేతిలో పెట్టి, వెనక గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. నాకు వచ్చింది దుఃఖం కాదు, కోపం. కోపం వస్తే నేను మాట్లాడను. మాట్లాడితే చుట్టరికాలు మిగలవని మా అమ్మ చిన్నప్పుడే నేర్పింది. అందుకని గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. మూసుకుంటే నేను పుట్టిపెరిగిన కోడుమూరు కనిపించింది.

కోడుమూరులో మా ఇల్లు ముందు అంగడి, వెనక సంసారం. రెంటికీ నడుమ తలుపుకు గోనెసంచులు విప్పి కుట్టిన తెర ఒకటి వేలాడుతుండేది. తెరకు ఇవతల బెల్లం, ఎండుమిరపకాయలు, కిరసనాయిలు, చింతపండు. అవతల సీకాయపొడి, కాగిన నువ్వులనూనె, అవ్వ నమిలే వక్కాకు. కళ్ళకు గంతలు కట్టి వదిలినా ఏ పక్కనున్నానో ముక్కుతో చెప్పగలిగేదాన్ని. తాత తెల్లవారకముందే లేచి, అంగడి ముందు నీళ్ళు చల్లించి, ఊదుబత్తి వెలిగించి, గల్లాపెట్టెను కళ్ళకద్దుకుని కూర్చునేవాడు. బోణీ అయ్యేదాకా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు, తుమ్మకూడదు. తుమ్మొస్తే మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది.

తాతది ఒక కట్టడి ఉండేది. అంగట్లో అమ్ముడుపోయే సరుకు ఇంట్లోకి రాకూడదు, పోని సరుకు బయటికి పోకూడదు. శెట్టి అంగడి పిల్లలంటే చక్కెర బస్తాలో తలపెట్టి పడుకుంటారని బళ్ళో తోటిపిల్లలు అనుకునేవాళ్ళు. మేం తిన్నది నూకలు, ఎండబెట్టి పురుగు దులిపిన కందిపప్పు, తడిసి గడ్డకట్టిన చక్కెర. "దుడ్లు పెట్టి కొన్న సరుకు, పెంట మీద పోస్తామా?" అనేవాడు తాత. ఒంటికి పూసుకునేవీ అంతే. రంగు వెలిసిన సబ్బులు, డబ్బా నొక్కుకుపోయిన పౌడర్లు, కంపెనీయే మూతపడిపోయిన తలనూనెలు, అన్నీ మా ఇంటి ఆడవాళ్ళ ఒంటిమీదే ఖర్చయిపోవాలి. ఒక ఏడాది ఇంటిల్లిపాదీ గంధపు వాసన, ఇంకో ఏడాది అందరమూ ఆసుపత్రి వాసన. శుక్రవారం పూట తలంటు మాత్రం అవ్వ చేతిమీదుగా జరిగేది. నూనె, సున్నిపిండి, సీకాయ ఆమె స్వయంగా దంచి కలిపేది. దాంట్లో తాత కట్టడి చెల్లేది కాదు.

ఇంట్లో ఉన్న అద్దం కూడా అట్లా వచ్చినదే. స్నోలు, క్రీములు తయారుచేసే కంపెనీవాళ్ళు అంగడి గోడకు తగిలించుకొమ్మని ఊరికే ఇచ్చారు. ఒక మూల పగిలిందని అంగడినుంచి ఇంట్లోకి వచ్చి నడిమింటి స్తంభానికి చేరింది. దానికి ఎడమ పక్క ఒక అమ్మాయి బొమ్మ అచ్చేసి ఉండేది. పాలమీగడ మొగం, సన్నటి ముక్కు, విరబోసిన జుట్టు. మిగిలిన జాగాలో మన మొగం చూసుకోవాలి. తల దువ్వుకోవాలన్నా, కాటుక పెట్టుకోవాలన్నా ఆ పిల్ల పక్కన నిలబడాల్సిందే. మా అవ్వకు ఆ పిల్ల తెలుపుతో పేచీ లేదు, బొట్టు లేకపోవడంతోనే పేచీ. "పొద్దున్నే లేచి బోడిమొగం సూడాల్నా? ఎవురు కన్నారో గానీ మంచీచెడ్డా నేర్పలే" అని తిట్టి, శుక్రవారం శుక్రవారం మాతోపాటు ఆ పిల్లకూ నుదుట ఇంత కుంకుమ అద్దేది. దసరాకు తక్కెడకు, డబ్బాలకు పసుపు పూసేటప్పుడు ఆ పిల్ల చెంపలకూ పూసేది. రానురాను ఆ తెల్లపిల్ల పచ్చగా మారిపోయింది. కంపెనీవాళ్ళు చూస్తే గుండె ఆగిపోయేదే!

రత్నత్తకు అప్పుడు పెళ్ళీడు. నేను లంగాజాకెట్టు పిల్లను. అత్త నలుపు. చామనఛాయ అని మాట తిప్పడమెందుకు, నిండు నలుపు. కండపట్టిన మనిషి, పెద్ద నవ్వు, ముందుపళ్ళ మధ్య చిన్న సందు. మధ్యాహ్నం అన్నాలయ్యాక తాత, మా నాయన ఇద్దరూ కునుకు తీసేవాళ్ళు. ఆ ఎండపొద్దు గల్లాపెట్టె దగ్గర అత్త కూర్చునేది. ఆడపిల్లను అంగట్లో కూర్చోబెట్టడమేందని బజారులో ఒకరిద్దరు ముక్కున వేలేసుకున్నా, ఆ పొద్దులో వ్యాపారం ఎక్కువ సాగుతుందని తాతకు తెలుసు కాబట్టి నోరెత్తలేదు. సంతరోజు పల్లెలనుంచి వచ్చే ఆడవాళ్ళు మొగవాళ్ళ దగ్గర అడగలేనివన్నీ అత్త దగ్గర అడిగేవాళ్ళు. అత్త ఒక్కొక్కరినీ వరసపెట్టి పిలిచి, వాళ్ళ కోడళ్ళను తిట్టిపోసి, వాళ్ళ గేదె ఈనిందా లేదా కనుక్కుని, నవ్వించి, రిబ్బన్లు గాజులు చేతిలో పెట్టి పంపేది. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను తర్వాత ఎక్కడా చూడలేదు. అన్నం కంటే ఆ పీట మీద కూర్చోవడం ఆమెకు ఇష్టం. ఎవరన్నా రంగు మాటెత్తితే, మా అవ్వ "నలుపు నారాయణుడు మెచ్చు" అని అడ్డుపడేది. అత్త పకపకా నవ్వి, "నారాయణుడు మెచ్చితే సాలదమ్మా, ఆ యప్పకు రెండు సబ్బులన్నా కొనమని చెప్పు" అనేది.

ఆ రోజుల్లోనే అంగట్లోకి అద్దాల బీరువా ఒకటి వచ్చింది, దాన్నిండా తెల్లబరిచే క్రీములు వచ్చాయి. రేడియోలో వాటి పాట, సినిమాకు ముందు తెరమీద వాటి బొమ్మ, వారపత్రిక వెనకట్ట మీద ఒకే పిల్ల మొగం రెండుసార్లు, ముందు నల్లగా ఏడుస్తూ, తర్వాత తెల్లగా నవ్వుతూ. ఆ పిల్లను ఏడిపించిందీ ఆ కంపెనీవాళ్ళే, నవ్వించిందీ వాళ్ళే. అది అప్పుడు మాకెవరికీ తట్టలేదు. కర్నూలునుంచి కంపెనీ ఏజెంటు బస్సులో వచ్చేవాడు, ఎంత ఎండైనా చొక్కా లోపలికి దోపుకుని. మా అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, బీరువాలో ఎన్ని పోయాయో చూసుకుని, మళ్ళీ సరుకు దించి పోయేవాడు. మంచివాడే. మాకు పిప్పరమెంట్లు తెచ్చేవాడు.

ఒక మధ్యాహ్నం అతను అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. నేను తెర దగ్గర చింతపిక్కలాడుకుంటున్నాను. ఒక పల్లెటూరి ఆమె అద్దాల బీరువా వైపు చూపించి, "అది పూస్తే నిజంగా తెల్లగయితారా పాపా?" అని అడిగింది. అత్త ఏమాత్రం ఆలోచించకుండా, "అవుతారంట అక్కా! నేను పొద్దుగూకులూ దాని పక్కనే కూచుంటాండా గదా, దాని గాలన్నా తగలాల్సింది నాకు. సూడు, ఏమన్నా తగిలిండాదా?" అని చెంప తిప్పి చూపించింది. అంగడంతా నవ్వులే నవ్వులు. ఆమె క్రీము మాని రిబ్బను కొనుక్కుని, నవ్వుతూ పోయింది. ఏజెంటు నవ్వలేదు.

తాత లేచి వచ్చాక అతను గొంతు తగ్గించి చెప్పాడు. తెర అడ్డం కదా, నాకు ప్రతి మాటా వినిపించింది. లోపల చేటలో బియ్యం చెరగడానికి అప్పుడే వచ్చిన అత్తకూ వినిపించింది. "శెట్టిగారూ, తప్పుగా అనుకోకండి. పిల్ల చురుకైనదే. కానీ ఆ రంగు మనిషిని పక్కన పెట్టుకుని ఈ సరుకు ఎట్లా అమ్ముతాం చెప్పండి? సరుకు పక్కన కూర్చునే మనిషి కూడా సరుకులో భాగమేనండీ." ఆ రాత్రి తాత అన్నం తింటూ తలెత్తలేదు. లేచి చేయి కడుక్కుంటూ, "రత్నా, రేపట్నించి మధ్యాన్నం మీ యన్న కూచుంటాడు లేమ్మా. నువ్వు మీ యమ్మకు సాయంగుండు" అన్నాడు. మెల్లగా, ప్రేమగానే అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే అత్త ఎదురు తిరిగేది, ఏడ్చేది, అవ్వ మధ్యలో దూరేది. అట్లా కాకుండా వ్యాపారం మాట చెప్పాడు. శెట్టి కూతురికి వ్యాపారం మాట అర్థం కాకుండా ఎట్లా ఉంటుంది? "సరే నాయనా" అంది, అంతే.

అప్పటిదాకా నడిమింటి అద్దం ముందు అత్త నిలబడేది జడ వేసుకునేంతసేపే. ఆ తర్వాత పొద్దుపోయేదాకా అక్కడే. నన్ను పక్కన నిలబెట్టుకుని, "ఏమ్మే, ఆ పిల్ల రంగుకు నాకు ఎంత తేడా ఉండాది?" అని అడిగేది. నేను పిచ్చిదాన్ని, "ఆ పిల్ల పచ్చగుంది గదత్తా, మనవ్వ పసుపు పూసింది గదా" అనేదాన్ని. అత్త నవ్వేది కాదు. నవ్వడం మానేసిందని నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది. తెల్లగా అయితే మళ్ళీ అంగట్లో కూర్చోవచ్చు, ఇదీ ఆమె లెక్క. పెళ్ళి గురించి ఆమెకు దిగులు లేదు. ఆమెకు కావలసింది ఆ మధ్యాహ్నాలు.

అద్దాల బీరువా పడమటి మొగంగా పెట్టారు. కోడుమూరు ఎండాకాలం ఎట్లాంటిదో చెప్పాలా, కాకులు కూడా నోరు తెరుచుకుని కూర్చుంటాయి. పొద్దు వాలేటప్పుడు ఎండ సూటిగా ఆ అద్దాల మీద పడి, లోపలున్న క్రీము డబ్బాలు ఉడికిపోయేవి. నూనె ఒకపక్క, నీళ్ళు ఒకపక్క విరిగిపోయినవాటిని జనం వెనక్కి తెచ్చి ఇచ్చేశారు. అమ్ముడుపోని సరుకు. ఎక్కడికి పోతుంది? మా తాత కట్టడి ప్రకారం ఇంట్లోకి వచ్చింది. అత్త ఆ విరిగినదాన్ని పుల్లతో కలిపి పూయడం మొదలుపెట్టింది. కొంచెం పూస్తే కొంచెం తెలుపు, మందంగా పూస్తే ఎక్కువ తెలుపు అని అవ్వ కూడా అనుకుంది. కూరలో కారం లెక్కే ఆమెకు తెలిసిన లెక్క. కొన్నాళ్ళకు అత్త చెంపలు మండాయి, ఎర్రబడ్డాయి, పొరలు లేచాయి. అవ్వ వెన్న రాయించి, కలబంద రాయించి, కంపెనీ వంశానికంతా శాపనార్థాలు పెట్టింది. తాత ఆ డబ్బాలన్నీ తన చేత్తోనే పెంటమీద పారేశాడు. తాత సరుకు పారేయడం మా ఇంట్లో అదే మొదలు, అదే చివర.

అత్త మొగానికి వెన్న రాసే పని నాది. రాస్తున్నంతసేపూ కళ్ళు మూసుకుని ఉండేది. రాయడం అయ్యాక కళ్ళు తెరవకుండానే అడిగేది. "తగ్గిందా మే? అంగట్లోకి పోవచ్చునంటావా?" ఇంకా తగ్గలేదత్తా అంటే, "సరేలే, రేపు సూద్దాం" అనేది. పొరలు రాలిపోయాయి, మంట తగ్గింది. రెండు చెంపల మీదా అక్కడక్కడా తెల్లటి మచ్చలు మాత్రం ఉండిపోయాయి. తాతకు ఒకేడాదికి కంటిచూపు మందగించింది. ఒకరోజు ఆయనే తెర దగ్గరికి వచ్చి, "రత్నా, రామ్మా, వచ్చి కూచో. నాకు చిల్లర కూడా కనపళ్ళేదు" అన్నాడు. ఆయన గొంతులో అడుక్కోవడం ఉంది. నేను ఎగిరి గంతేశాను. అత్త చేటలోంచి తలెత్తకుండా, "వద్దులే నాయనా. అంగట్లో సరుకు బాగుండాల" అంది. ఆ మాట మా తాతకు ఎక్కడ తగిలిందో గానీ, అక్కడే గుమ్మంలో చాలాసేపు నిలబడిపోయాడు.

తర్వాత అత్తకు కడప సంబంధం కుదిరింది. మామది కిరాణా అంగడే, నెమ్మదస్తుడు. ఆమె రంగు గురించి, మచ్చల గురించి ఆయన ఒక్కమాట అన్నట్టు నేను వినలేదు. ముందు కూర్చోమని ఎన్నోసార్లు పిలిచాడు కూడా. కూర్చోలేదు. ఇక్కడా అంగడికీ ఇంటికీ మధ్య తెర ఉండేది, గోనెపట్టాది కాదు, పువ్వుల గుడ్డది. మామ ముందునుంచి, "రత్నా, వేరుశెనక్కాయలు ఎట్లిద్దాం?" అని కేకేస్తే, తెర వెనకనుంచి అత్త ధర చెప్పేది. బేరాలు కూడా అక్కడినుంచే ఆడేది. కడప జనం రత్నమ్మ గొంతుకు మొక్కేవాళ్ళు. ఆమె లెక్క తప్పదు, మాట తప్పదు. మొగం మాత్రం ఎవరికీ తెలియదు. పెళ్ళిళ్ళలో వంటింట్లో ఉండిపోయేది. నా పెళ్ళి ఫోటోల్లో ఎంత వెతికినా ఆమె మోచేయి ఒక్కటి కనిపిస్తుంది, నాకు పూలు అందిస్తూ. వాణి పుట్టాక వాణికి తెలిసిన అమ్మ ఈమే. మా యమ్మకు శానా సిగ్గు అని చెప్పేది. సిగ్గా! గేదె ఈనిందా అని సంతంతా వినిపించేలా అరిచి అడిగిన మనిషికి సిగ్గా!

ఇదంతా తలుచుకుంటూ ఆ వెనకగదిలో కూర్చున్నాను. అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందా అని కూడా అనుకున్నాను. మా అవ్వ కాలంలో ఆడది బక్కగా ఉంటే తప్పు. సమర్తాడినప్పుడు నువ్వుల చిమ్మిలి, నెయ్యి కుక్కి కుక్కి పెట్టి, ఎముక కనపడకుండా చేసేవాళ్ళు. ఇప్పుడు వాణి కూతురు శ్రావణి, కాలేజీ పిల్ల, అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నట్టు తింటోంది. వాళ్ళ అవ్వ పోయిన దుఃఖమేమో అనుకున్నాను గానీ, పెరుగులోకి వచ్చేసరికి "వద్దమ్మా, లావవుతా" అంది. అప్పుడు లావు కావడానికి ఏడుపు, ఇప్పుడు కాకుండా ఉండడానికి ఏడుపు. ఏడుపు మాత్రం మనదే. ఆ రోజుల్లో ఇంటికి ఒకటే అద్దం. పక్కకు తప్పుకుంటే ఆ తెల్లపిల్ల బాధ వదిలిపోయేది. ఇప్పుడు అద్దం అరచేతిలోనే ఉంది, దాంట్లో వేలమంది తెల్లపిల్లలున్నారు. పక్కకు తప్పుకోవడానికి చోటు లేదు. మా కాలమే మేలని నేననను. మా కాలం మా అత్తను ఏం చేసిందో చెప్పాను కదా. కాకపోతే అప్పుడు ఆమెను లోపలికి పొమ్మన్న మనిషి ఎవరో తెలుసు. అతను మజ్జిగ తాగిన గ్లాసు కూడా తెలుసు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వాణి వచ్చింది. "వదినా, ఫ్లెక్సీ అన్న ఇప్పటికి రెండు తూర్లు ఫోన్ చేసినాడు. సరే అని చెప్పేదా?" శ్రావణి పక్కన కూర్చుని వక్కలు ఏరుతోంది. నేనింక ఆగలేకపోయాను. అంగడి, మధ్యాహ్నాలు, గేదెలు, ఏజెంటు, వెన్న, అన్నీ చెప్పాను. వాణి నోరు తెరుచుకుని వింది. "మా యమ్మ గల్లాపెట్టె కాడ కూచునిండేదా? నవ్విస్తాండెనా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. ఆ ముచ్చట తల్లి ఒక్కనాడూ కూతురికి చెప్పలేదు. నాకు అన్నిటికంటే అదే ఎక్కువ బాధనిపించింది.

"మీ యమ్మ అడిగింది తెలుపు కాదే వాణీ" అన్నాను. "కూచోను చోటడిగింది. తెలుపు లేకుంటే చోటు లేదన్నారని తెలుపడిగింది."

వాణి కళ్ళు తుడుచుకుంది. అయినా మనసు ఒప్పలేదు. తప్పు పట్టలేను, ఆమె భయం ఆమెది. "నిజమే వదినా. కానీ రేపు ఊరంతా వస్తాది. వాళ్ళలో శానామంది మా యమ్మ మొగం ఇదే మొదలు సూడ్డం. ఆ మచ్చలతో, ఆ నలుపుతో కడితే ఏమనుకుంటారు? దాసుకున్న మొగాన్ని నేనే బజారులో పెట్టినట్టు గాదా? ఆ యమ్మే ఉంటే ఒప్పుకునేదా, నువ్వే చెప్పు" అంది. రత్నత్త ఒప్పుకునేది కాదు. అది నాకు తెలుసు, వాణికీ తెలుసు. తన మొగాన్ని ఏంచేయాలో తేల్చుకునే హక్కు ఆమెకు తప్ప ఇంకెవరికుంది?

అసలు ఫోటో ఎక్కడిదని శ్రావణిని అడిగాను. ఆ పిల్ల తన ఫోనులో తీసి చూపించింది. వెనకగదిలో అత్త పిండి జల్లిస్తూ ఎవరినో తిడుతూ నవ్వుతోంది. తీస్తున్నట్టు ఆమెకు తెలియదు. చెంపల మీద మచ్చలు, ముక్కు మీద పిండి, ముందుపళ్ళ మధ్య సందు. నా రత్నత్త! నాకు ఏడుపు ఆగలేదు. పక్కనున్న ఈ పిల్లను చూస్తే అవే కళ్ళు, అదే నలుపు, అదే పెద్ద నోరు.

"నువ్వు కూడా ఫోన్లో ఏందో పెడతావంట గదమ్మా" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ, ఏదో ఒకటి మాట్లాడాలని.

"వంటల వీడియోలు అత్తా. శానామందే సూస్తారు." మళ్ళీ వక్కలు ఏరుతూ, "చేతులూ, గొంతు మాత్రమే పెడతా. మొగం పెట్టను" అంది.

"ఎందుకు పెట్టవు?"

"ఒకసారి పెట్టినా. కింద ఏమేమో రాసినారు." అది వాణికీ కొత్త సంగతి. వాణి చేతిలో ఫోను అట్లాగే ఉండిపోయింది, కూతురి వైపు తిరిగింది. "నాకెందుకు చెప్పలేదు మే?" అంది. శ్రావణి వక్కల్లోంచి తలెత్తలేదు.

వక్కలు పక్కన పెట్టి తనే అంది, నెమ్మదిగా, ఎవరి మీదా కోపం లేకుండా. "అమ్మా, ఇంటికి ఎవురొచ్చినా నన్ను సూసి, ఈ పాపకు అచ్చం వాళ్ళవ్వ పోలిక అంటారు గదా. అది వింటే నాకు బాగుంటాది. రేపు అవ్వను తెల్లగా చేసి వాకిట్లో కడితే, ఇంక నేను ఎవురి పోలిక?"

వాణి కూతురి మొగం వైపు అట్లాగే చూస్తుండిపోయింది. చేతిలో ఫోను మళ్ళీ మోగింది, ఫ్లెక్సీ అంగడతనే. ఈసారి ఎత్తింది. "అన్నా, ఆ తెలుపంతా తీసెయ్. మేము పంపిచ్చిన ఫోటో ఎట్లుండాదో అట్లే వెయ్యి" అంది. అతను గట్టిగా మాట్లాడే మనిషి, మాకు కూడా వినిపించింది. "మచ్చలు పడతాయక్కా, నల్లగా వస్తాది. బాగుండదు. నా మాట ఇను" అంటున్నాడు.

"మా యమ్మ నల్లగానే ఉంటాదన్నా" అంది వాణి, శ్రావణి తలమీద చెయ్యేసి. "నల్లగానే ఉంటాది, బాగుంటాది."